రెండు వెలుగు దీపాలు, రెండు మసక దీపాలు

గాలి తిరిగిన రోజున మా డాబా మీదికి కిరసనాయిలు వాసన వస్తుంది. విమానాల్లో పోసేది కూడా ఒక రకం కిరసనాయిలేనని తెలియని కొత్త కిరాయిదార్లు, ఎవరింట్లోనో స్టవ్ కారుతోందని తలుపులు తట్టి మరీ అడుగుతారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే శంషాబాద్ నుంచి తుక్కుగూడ వైపు పోయే దారిలో ఉండిన మా పాత పెంకుటిల్లు, దాని నడిమింట్లో తెల్లగుడ్డ కప్పుకుని కూర్చున్న కంప్యూటరు కళ్లముందుకొస్తాయి.

మా చేను విమానాశ్రయం కింద పోయింది. ఆ చేనులో టమాట, జొన్న పండించిన బాపు, అక్కడే దిగినవాళ్లను నగరానికి చేరవేసే కారు డ్రైవరయ్యాడు. శంషాబాద్‌లో ఒక ఇంటర్నెట్ దుకాణం మూసేస్తుంటే అందులోని కంప్యూటరొకటి వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చాడు. మా అక్క చదువుకీ నా చదువుకీ అని తెచ్చిన దాంట్లో పాత యజమాని తీసేయడం మరిచిన విమానం నడిపే ఆట ఒకటి దొరికింది. దాన్ని ఆట అంటే నాకు ఒళ్లు మండేది. ఎండాకాలం సెలవుల్లో అమ్మ బయట మామిడికాయ ముక్కలు ఎండబెట్టుకుంటుంటే, కంప్యూటరు వెనక నుంచి వచ్చే కాలిన దుమ్ము వాసన పీలుస్తూ, చెమటకు జారిపోయే జాయ్‌స్టిక్కును చొక్కాకు తుడుచుకుంటూ, నేను బేగంపేటలో లేచి దక్షిణంగా మా ఊరి మీదికి వచ్చేవాణ్ని. ఆట పాతది కాబట్టి అందులో మా విమానాశ్రయం ఇంకా పుట్టలేదు, మేమున్న చోటంతా ఉత్త నేలే. డ్యూటీ దిగి వచ్చిన బాపు బియ్యం డబ్బా మీద నా వెనక ప్రయాణికుడిలా కూర్చునేవాడు.

"జర కిందికి పోనియ్యిరా. గీడనే గద మన చేను," అనేవాడు.

నేను దింపేవాణ్ని. ఆయన కాసేపు తెరలోని ఆ నేలను చూసి, అన్నానికి లేచేవాడు.

నిజమైన రన్‌వేకి దిగేటప్పుడు పక్కన నాలుగు దీపాలుంటాయి. రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనబడితే సరైన ఎత్తులో వస్తున్నట్టు, నాలుగూ ఎర్రబడితే నేలకు మరీ దగ్గరైనట్టు. ఇది ఆటలోనే నేర్చుకున్నాను. నా కంటికి వాటిలో రెండు వెలుగుగా, రెండు మసకగా ఉండేవి. మసకగా ఉన్నదాన్నే లోకం ఎరుపంటుందనుకున్నాను. అలా అనుకునే వానలో, పొగమంచులో, ఒక ఇంజను ఆగిపోయినా కూడా విమానాన్ని మెత్తగా దించాను. ఒక్కసారీ తప్పలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, నాకు అసలే రాలేదు.

అనుమానం రావలసిన చోట్లు వేరే ఉన్నాయి. బతుకమ్మ నాడు బాపూ నేనూ పొద్దున్నే కోసుకొచ్చిన గునుగు పూలను అమ్మ కట్టలు కట్టి, గిన్నెల్లో కలిపిన రంగుల్లో ముంచి, ఆరబెట్టేది. ఇంటినిండా తంగేడు పచ్చివాసన, మలీద ముద్దల నేతివాసన, అక్క దంచుతున్న నువ్వుల వాసన. తాంబాళం ముందు కూర్చుని వరుస మీద వరుస పేరుస్తూ అమ్మ చెయ్యి చాపితే కట్టలందించడం నా పని.

"గిదేంది బిడ్డా, ఎర్రయి అడిగితె ఆకుపచ్చయి ఇస్తున్నవు?"

"వీని పానమంత ఆ విమానాల మీదనే ఉన్నదమ్మా," అనేది అక్క.

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని, కొంచెం గర్వంగా కూడా. రంగు పెన్సిళ్లు తప్పినా, అక్క లంగావోణీ రంగు తప్పుగా చెప్పినా, మా ఇంట్లో దానికి ఒకటే సంజాయిషీ. విమానాల పిచ్చి.

ఇక యాదయ్య మామ సంగతి. అమ్మకు తమ్ముడు. టమాటలు తెంపే రోజుల్లో ఆయన్ను చేనులోకి రానిచ్చేవారు కాదు. వెళ్లాడంటే బుట్టలో సగం పచ్చికాయలే ఉండేవి. తర్వాత శంషాబాద్‌లో కూరగాయలు అమ్మడం మొదలుపెట్టి, ప్రతి పండునూ బొటనవేలితో నొక్కి ఏరేవాడు. "నా కండ్లు చేతులల్ల ఉన్నయ్," అని తన మీద తనే జోకు వేసుకునేవాడు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆ పచ్చికాయల కథ చెప్పుకుని మావాళ్లు కడుపుబ్బ నవ్వేవారు. మామ నవ్వే అందరికంటే పెద్దగా వినబడేది.

ఇంటర్ అయ్యాక పైలట్ శిక్షణలో చేరాలంటే ముందు వైద్యపరీక్ష అన్నారు. బాపు కారు కడిగి, బొట్టు పెట్టి, అమ్మనూ నన్నూ నగరంలో దవాఖానకు తీసుకుపోయాడు. చెవులు, గుండె, ఊపిరి అన్నీ బాగున్నాయన్నారు. ఆఖరున డాక్టరుగారు ఒక పుస్తకం తెరిచి, ఆ రంగుచుక్కల్లో ఏ అంకె ఉందో చదవమన్నారు. మొదటి పేజీలో చదివాను. తర్వాత పేజీల్లో చుక్కలు తప్ప ఏమీ లేవు. చీకటిగదిలో కూర్చోబెట్టి చిన్న చిన్న దీపాలు చూపించారు. వెలుగు, మసక, వెలుగు అని లోపల లెక్కపెట్టుకుంటూ రంగుల పేర్లు చెప్పాను. ఆయన మళ్లీ మొదటినుంచీ అడిగారు. మళ్లీ చెప్పాను.

"మీ తరఫు మగవాళ్లలో ఎవరికైనా రంగులు పోల్చుకోవడంలో ఇబ్బంది ఉందా అమ్మా? ఇది సాధారణంగా తల్లి నుంచి కొడుకుకి వస్తుంది," అన్నారు అమ్మతో.

అమ్మ అలవాటుగా నవ్వింది. "మా తమ్ముడున్నడు సార్, టమాట పండ్లు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

దానికి మందు లేదు, ఆపరేషన్ లేదు. నడిపే సీట్లో నన్ను కూర్చోనివ్వరు. మెట్లు దిగుతూ అమ్మ, "నా కడుపుల పుట్టుడే నీ తప్పాయె బిడ్డా," అంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మామ మీద, టమాటల మీద, అన్నేళ్లూ నవ్వినవాళ్లందరి మీద. బాపు మాత్రం విమానాశ్రయం దారి వదిలి అత్తాపూర్ గల్లీల్లోంచి చుట్టూ తిప్పి ఇంటికి తెచ్చాడు.

ఇప్పుడు నేను అదే విమానాశ్రయం సరుకు గోదాములో పనిచేస్తున్నాను. పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది, కంప్యూటరు పాత సామాన్లవాడి బండెక్కింది. మామ ఉన్నాడు గానీ ఆయన ముందు పచ్చికాయల కథ ఎవరూ ఎత్తరు. అన్నిటికంటే ఎక్కువగా నాకు గుర్తొచ్చేది, మా ఇంట్లోంచి వెళ్లిపోయిన ఆ నవ్వే.

మొన్న ఆదివారం అక్క, ఆమె ఐదేళ్ల కొడుకు వచ్చారు. వాడు చాపమీద బోర్లాపడుకుని బొమ్మ గీస్తుంటే, రంగుల డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడల్లా అమ్మా అక్కా మాట్లాడుతున్న మాట ఆపేస్తున్నారు. గీయడం అయ్యాక వాడు కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఒక చెట్టు, దాని పైన విమానం.

"మామా, నేను పైలట్ అయిత. మంచిగేసిన్నా?"

విమానం బాగుంది. ఆకులు కూడా నాకు బాగానే కనబడ్డాయి. తలెత్తితే అక్క కళ్లనిండా నీళ్లున్నాయి, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఆకుల్లో తప్పేమిటో కనబడనివాళ్లం ఆ గదిలో ఇద్దరమే, వాడూ నేనూ.

"మస్తు మంచిగేసినవు బిడ్డా," అన్నాను.