తిన్నగా ఉన్న గీత

1989 ఎండాకాలంలో మా బీమా కంపెనీ నన్ను వరంగల్ నుంచి హైదరాబాదుకు బదిలీ చేసింది. నా పని మోటారు సర్వే. దెబ్బతిన్న బండిని చూసి, ఆ దెబ్బ ఎలా తగిలిందో, బాగుచేయడం లాభమో దండగో తేల్చి చెప్పాలి. బండి పాడైనప్పుడే మా మొహం కనిపిస్తుంది కనుక మమ్మల్ని చూసి సంతోషించేవాళ్ళు తక్కువ. వెంగళరావు నగర్‌లో అద్దెకు దిగాను. బంజారా హిల్స్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ నా వంతుకు వచ్చాయి. ఆ ఎత్తులెక్కలేక నా స్కూటర్ రోజూ మూలిగేది.

అక్కడ నన్ను సంతోషంగా పిలిచిన మొదటి మనిషి సోమసుందరరావు గారు. సినిమా ఛాయాగ్రాహకుడు. తెనాలి దగ్గరివారు, మద్రాసులో పాతికేళ్ళు పనిచేసి, పరిశ్రమతో పాటు ఇటు వచ్చి, జూబ్లీహిల్స్ బండల మధ్య ఇల్లు కట్టుకున్నారు. పాత కార్లంటే ప్రాణం. అప్పటికే ఒక హిల్‌మన్‌ని బాగుచేయించి, మోజు తీరకముందే అడిగిన బంధువులకు ఇచ్చేశారు. షెడ్డులో ఇంకా మూడున్నాయి. తరువాత దేనికి చెయ్యి వేయాలో తేల్చుకోలేక కంపెనీకి కబురు పెట్టారు. పాత బండికి బజారు ధర అంటూ ఉండదు. బాగుచేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి సర్వేయర్ చూసి విలువ కట్టాలి. ఎలాగూ వస్తాడు కనుక సలహా కూడా అతన్నే అడుగుదామని ఆయన ఆలోచన.

ఖచ్చితంగా మాట్లాడితే వింటేజ్ అనే మాట 1930కి ముందు తయారైన బండ్లకే చెల్లుతుంది. ఆ లెక్కన షెడ్డులో బేబీ ఆస్టిన్ ఒక్కటే వింటేజ్. రెండోది 1936 ఫోర్డ్ వి-ఎయిట్, పైకప్పు మడిచే పెద్ద బండి. మూడోది 1950 మోరిస్ మైనర్, బొద్దుగా, బుద్ధిమంతురాలిలా ఒక మూల కూర్చుని ఉంది. ఫిల్మ్‌నగర్‌లో మాత్రం తాతల నాటిది ఏదైనా వింటేజే. ఆ విషయంలో పోట్లాడటం నేను తొందరగానే మానేశాను.

సోమసుందరరావు గారి మనసంతా ఫోర్డ్ మీదే. టాపు తీసేసి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా దాన్ని తోలుకుంటూ పోవాలని ఆయన కోరిక. ఆస్టిన్ ఇంజన్ బ్లాకు పగిలింది కాబట్టి దాన్ని పక్కన పెట్టాం. ఫోర్డ్ చట్రం గట్టిగానే ఉంది. పని ఎక్కువైనా చేయదగ్గదే. ఆ మాట చెబుదామని షెడ్డులోంచి బయటికి వచ్చేసరికి, ఆయన రోజూ తోలే అంబాసిడర్ ఎదురుగా కనిపించింది.

దాన్ని చూడమని నన్ను ఎవరూ అడగలేదు. కానీ మంగలివాడి చూపు జుట్టు మీద పడ్డట్టు, సర్వేయర్ చూపు సొట్టల మీదే పడుతుంది. కుడివైపు రేకు అద్దంలా ఉంది. ఎడమవైపు ముందు మడ్‌గార్డు నుంచి వెనక తలుపు దాకా ఒకదాని మీద ఒకటి గీతలు.

గీతను చదవడం మా వృత్తిలో అక్షరాభ్యాసం లాంటిది. గోడ దగ్గరపడుతోందని చివరి క్షణంలో చూసినవాడు స్టీరింగు తిప్పుతాడు. గీత వంకర తిరిగి పలచబడుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళ బండి మీద అన్నీ వంకర గీతలే. ఇక్కడ అలా లేదు. ప్రతి గీతా తిన్నగా మొదలై తిన్నగానే ఆగింది. ఈ బండి నడిపిన మనిషికి ఎడమ పక్క గోడ ఉన్నట్టే తెలియలేదు.

వెనక్కి తిరిగి గేటు చూశాను. రెండూ రాతి స్తంభాలే. లోపలికి వచ్చేటప్పుడు ఎడమచేతి వైపు ఉండేదానికి మాత్రం తెల్లగా సున్నం కొట్టి ఉంది. అన్నిటికన్నా కొత్త గీతలో ఆ సున్నం కూడా ఉంది.

ఫోర్డ్ గురించి నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఈ గీతలన్నీ తిన్నగా ఉన్నాయి సార్, అన్నాను. ఆయన తెలివైన మనిషి. నా మాట అర్థమై, మెల్లగా చెప్పారు.

"ఫ్రేమ్ చిన్నదైపోతోందండీ. మధ్యలో ఉన్నది బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పక్కలే చీకటి."

నీటికాసుల జబ్బు, డాక్టర్లు గ్లకోమా అంటారు. చుక్కల మందు వేసుకుంటే ఉన్న చూపు నిలబడుతుంది, పోయింది మాత్రం రాదన్నారట డాక్టరు. చేతిలో ఒక సినిమా ఉంది. కెమెరాలోంచి చూసి నడిపేందుకు ఆపరేటర్ వేరే ఉంటాడు. వెలుతురు ఎలా పడాలో చెప్పడం ఈయన పని, దానికి ఉన్న చూపు చాలు. కానీ ఛాయాగ్రాహకుడికి కంటిజబ్బని బయటికి పొక్కితే ఆ సినిమా పూర్తిచేసే గౌరవం కూడా మిగలదు. డ్రైవర్ని పెట్టుకోండి సార్ అన్నాను. నవ్వారు. పొద్దున పెట్టుకుంటే సాయంత్రానికి ఫిల్మ్‌నగర్ డ్రైవర్లందరికీ తన కంటి సంగతే కబురవుతుందన్నారు. ఆ తరువాత గొంతు తగ్గించి, "కామేశ్వరి ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి. బెంగపెట్టుకుంటుంది" అన్నారు.

కామేశ్వరి గారు ఆయన భార్య. పొట్టి మనిషి, యాభై దాటిన ఆవిడ, ఎప్పుడూ ఏదో పనిమీద ఉన్నట్టే నడిచేవారు. ఆయన ఫోన్ వచ్చి లోపలికి వెళ్ళగానే కాఫీ తెచ్చి, గ్లాసు నా చేతికి ఇవ్వకుండా పట్టుకునే నిలబడ్డారు.

"ఏ బండి అని తేల్చారండీ?"

ఇంకా తేలలేదన్నాను.

"మోరిస్ అని చెప్పండి. మద్రాసులో నేను గేర్లు మార్చడం నేర్చుకున్నది అలాంటి బండి మీదే. ఈయన ఔట్‌డోర్ షూటింగులకి పోతే నేర్పేవాళ్ళు లేక వదిలేశాను. ఇప్పుడు మీ వెంగళరావు నగర్‌లోనే డ్రైవింగ్ స్కూల్లో చేరానండీ. ఆయనకి భజనకి వెళ్తున్నానని చెప్పాను. అబద్ధమేం కాదులెండి, క్లచ్ తొక్కినప్పుడల్లా దేవుణ్ణే తలుచుకుంటున్నాను."

నేను గేటు వైపు చూశాను. ఆవిడ కూడా చూశారు. ఆ సున్నం తానే కొట్టించానని, అది కూడా పనిచేయలేదని చెప్పారు. పాత బండి మోజులో పెళ్ళాం తోలుతోందంటే లోకం సరదా పడుతుంది కానీ కారణం అడగదని ఆవిడ లెక్క. ఆ లెక్కలో నాకు తప్పేమీ కనిపించలేదు. "కంటి సంగతి నాకు తెలిసిందని ఆయనకి తెలియనివ్వకండి, చిన్నబోతారు" అని అప్పుడు గ్లాసు చేతికిచ్చారు.

అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. ఇద్దరూ మంచివాళ్ళే. ఒకరి కోసం ఒకరు దాచుకుంటున్నారు.

ఆయన తిరిగి వచ్చాక నా అభిప్రాయం చెప్పాను. ఫోర్డ్ బ్రేకులు ఇనప కడ్డీలతో పనిచేస్తాయి. జూబ్లీహిల్స్ వాలులో ఆ బరువును ఆపాలంటే ఒంట్లో బలముండాలి. మోరిస్‌ది నూనె బ్రేకు, మెత్తగా తొక్కితే చాలు. సామాను దొరుకుతుంది, పని తొందరగా అవుతుంది. తరువాత బాగుచేయవలసింది మోరిస్ మైనర్. చెప్పినవన్నీ నిజాలే. చెప్పనివి రెండే. ఆయన ఫోర్డ్ బానెట్ మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఉంచారు. వాదిస్తారనుకున్నాను, వాదించలేదు. అలాగే కానివ్వండి, అన్నారు.

పని బోరబండలో ఉండే యాదగిరికి అప్పజెప్పాం. రేకుపనివాళ్ళను మేం డెంటర్లంటాం. యాదగిరి మంచి డెంటర్, అంతకు మించిన మాటకారి. వానలు పడే వేళకు బండి ఒక రూపానికి వచ్చింది. ఒకరోజు చూడటానికి వెళితే యాదగిరి నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, పెద్దసారు నిన్న వచ్చిండు. డ్రైవర్ సీటు ముందటికి జరిపి బిగించుమన్నడు, జర ఎత్తు గూడ చెయ్యుమన్నడు. గాయనకు కాళ్ళు గింత పొడుగున్నయి గదా. మోకాళ్ళు స్టీరింగుకు తాకుతయి. ఏంది సార్ గిది?"

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక, ఆయన చెప్పినట్టే చెయ్యమన్నాను.

"మరి నడిపేదెట్ల?"

"అది వాళ్ళు చూసుకుంటరు. నీకెందుకు ఫికర్?" అన్నాను.

బండి అప్పగించే రోజు విలువ కట్టడానికి నేనూ వెళ్ళాను. లేత ఆకుపచ్చ రంగు వేశారు. కామేశ్వరి గారు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇప్పుడేం చెప్పి స్టీరింగు దగ్గర కూర్చోవాలా అన్నట్టు నా వైపు చూశారు. నేను టైర్లు చూడటంలో మునిగిపోయాను. ఆవిడకు ఏమీ చెప్పవలసిన అవసరం రాలేదు. సోమసుందరరావు గారు తాళం చెవి ఆవిడ చేతిలో పెట్టి, బండి చుట్టూ తిరిగి, ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చున్నారు.

ఆవిడ కదల్లేదు. నాకు తెలుసని మీకెప్పుడు తెలిసింది, అని మాత్రం అడిగారు.

"నువ్వు స్తంభానికి సున్నం వేయించిన రోజే. నాకు చెప్పకుండా నా సెట్లో ఎవరైనా వెలుతురు పెంచితే తెలియదా?"

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, వెళ్ళి తన సీట్లో కూర్చున్నారు. పాదాలు సరిగ్గా అందాయి. ఇంజన్ రెండుసార్లు ఆగిపోయింది. "భజనలో ఇంతవరకే నేర్పారా?" అన్నారాయన ముందుకే చూస్తూ. అంటే అదీ తెలుసన్నమాట. మూడోసారి బండి కదిలింది. మోరిస్‌కు తలుపు పక్కన ఒక చిన్న చెయ్యి ఉంటుంది, మలుపు తిరిగేటప్పుడు దీపంతో బయటికి లేస్తుంది. గేటు దగ్గర ఆ చెయ్యి లేచింది. బండి స్తంభానికి జానెడు దూరంలోంచి బయటికి వెళ్ళింది.

ఆయన ఆ సినిమా పూర్తిచేశారు. లొకేషన్‌కు రోజూ భార్య పక్కన కూర్చుని వెళ్ళేవారు. పాత బండి పిచ్చి ముదిరిందని ఫిల్మ్‌నగర్ నవ్వుకుంది తప్ప కారణం వెతకలేదు. ఆ తరువాత ఆయన ఇంకే సినిమా ఒప్పుకోలేదు. ఫోర్డ్ షెడ్డులోనే ఉండిపోయింది.

ఉద్యోగంలో చేరినప్పుడు మాకు నేర్పిన క్రమం ఒకటుంది. ముందు తయారైన ఏడాది, తరువాత చట్రం, ఇంజన్, రేకు. ఏ పాత బండిని ముందు బాగుచేయాలని అడిగిన వాళ్ళకు నేను ఆ తరువాత ఆ క్రమంలో జవాబు చెప్పలేదు. దాన్ని ఎవరు నడుపుతారని అడిగి, ఆ మనిషిని చూశాకే షెడ్డు తలుపు తీయమనేవాణ్ణి. సోమసుందరరావు గారి ఇంటి నుంచి, నేను పదవీ విరమణ చేసేదాకా, ఒక్క క్లెయిమ్ కూడా రాలేదు.