నక్క కోసం తొడిగిన చొక్కా

ముదినేపల్లిలో ముందు మా టైలరింగ్ షాపు, వెనక ఇల్లు. పోయిన ఏడాది చేపల చెరువు గట్ల మీద నుంచి ఓ నక్క వచ్చి, వారంలో మా పెరటి కోళ్లను మూడింటిని ఎత్తుకుపోయింది.

దిష్టిబొమ్మ కట్టి నా చొక్కా తొడిగాను. మా ఆవిడ రజియా చూసి, "అచ్చం మీలాగే బక్కగా ఉందండీ. దీన్ని చూసి నక్కేం భయపడుద్ది?" అంది. నాకు పౌరుషం వచ్చింది. షాపులో లెక్కల మాస్టారి కొత్త చొక్కా కుట్టి సిద్ధంగా ఉంది. ఆయన భారీ మనిషి. పొద్దున్నే తీసేయొచ్చులే అని దాన్నే తొడిగి, గడ్డి కూరి, మెడదాకా బటన్లు పెట్టాను.

నేను నిద్ర లేచేసరికే మాస్టారు షాపు ముందున్నారు. "ఏవండీ, నా చొక్కా అయిందా?"

"బటన్లు కుట్టడం ఒక్కటే మిగిలిందండీ మాస్టారూ!" అన్నాను, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ.

అంతలో పెరట్లో కోళ్లు గోల పెట్టాయి. నక్కే అనుకుని పరుగెత్తాను. నా వెనకే మాస్టారూ వచ్చారు. నక్క లేదు. దిష్టిబొమ్మ భుజమెక్కి పుంజు రెట్ట వేస్తోంది. మాస్టారు దగ్గరికెళ్లి, తీరిగ్గా వేలుపెట్టి లెక్కపెట్టారు.

"ఏడు బటన్లూ కుట్టేశారు కదండీ!"

ఆ తర్వాత పెరట్లోకి నక్క రాలేదు, షాపుకి మాస్టారూ రాలేదు. నాకు బుద్ధొచ్చింది. ఇప్పుడెవరడిగినా బటన్ల మాటెత్తను. కాజాలు మిగిలాయంటున్నాను.