కంపెనీ బంద్ చేసింది, రాజేశం కాక చేయలేదు

నిన్న పొద్దున బస్‌లో ఉండగా మా బాపు ఫోన్ చేశాడు.

డ్యూటీలో ఉన్నప్పుడు బాపు ఫోన్ చేయడు. ఎప్పుడైనా చేసినా సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో సగం మాటలే వినపడతాయి. నిన్న మాత్రం బాపు ఊపిరి కూడా వినిపించింది. వెనక ఒక్క సాంచా నడవడం లేదు.

ఆయన నోరు తెరవకముందే నాకు భయం వేసింది.

రాజేశం కాక పోయాడు.

షిఫ్ట్ ఎక్కబోతూ కార్ఖానా గుమ్మంలోనే కూలబడ్డాడట. హాస్పిటల్‌కు చేర్చేలోపే అయిపోయింది. మొన్న సాయంత్రం వరాలా తలావ్ చెరువు దగ్గర నాతో వాకింగ్ చేసిన మనిషి. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెబుతున్నాను. కాక మా బాపుతో కలిసి ఊరి నుంచి భివండి వచ్చాడు. శాంతి నగర్‌లో ఇద్దరూ పక్కపక్కనే సాంచాలు నడిపారు. మా గల్లీ పిల్లల చిన్నప్పటి ఫోటోలు దాదాపు అన్నీ కాక రీల్ కెమెరాతో తీసినవే. ఇక్కడి ఫోటో స్టూడియో మూసేసి వెళ్లిపోతూ దాని ఓనర్ ఆ కెమెరాను కాక చేతిలో పెట్టాడు. అప్పటికే కంపెనీ దాన్ని తయారుచేయడం మానేసింది.

ఆ కెమెరా వెనక డోర్ అంచుల్లో ఫోమ్ ఉంటుంది. లోపలికి వెలుతురు పోకుండా ఆపేది అదే. ఒక వానాకాలం అది కరిగి తారులా జిగటగా అయిపోయింది. కాకతో పాటు నేనూ ముంబై వెళ్లాను. షాప్ ఆయన కెమెరాను తెరిచి కూడా చూడలేదు. డిస్‌కంటిన్యూడ్ పీస్, పార్ట్స్ రావు, షోకేస్‌లో పెట్టుకోండి అన్నాడు.

కొత్త మాట దొరికితే నాకు పండగ. ఈ ‘డిస్‌కంటిన్యూడ్’ ఒక్కటి మాత్రం విన్నరోజే నచ్చలేదు.

తిరిగి వస్తూ కాక అన్నాడు:

"కంపెనీ బంద్ జేసిందట బిడ్డా. జెయ్యనీ. నేనైతే జెయ్యలే గదా."

ఐస్‌క్రీమ్ పుల్లను ఉలిలా చెక్కి, స్పిరిట్‌లో ముంచి, ఆ జిగటనంతా గీకేశాడు. ఖాళీ అయిన సందులో నల్ల నూలు పోగులు పేర్చాడు. మన దగ్గర నూలుకు కొరతా?

వెలుతురు ఆగింది. కొత్త రీల్ వేసి మొదట పక్కింటి సునీతక్క కొడుకు బర్త్‌డే ఫోటోలు తీశాడు.

ఏడాది పిల్లాడికి మీసం వచ్చింది.

ప్రతి ఫోటోలో అదే చోట వంకరగా ఒక నల్లగీత. ఒక క్లోజప్‌లో అది సరిగ్గా వాడి ముక్కు కింద పడింది. సునీతక్క ఫోటో పట్టుకుని వచ్చింది. "అన్నా, నా కొడుకుకు ఇంక నడుసుడే రాలే. గప్పుడే మీసం మొలిపిచ్చినవా?"

గల్లీ అంతా నవ్వింది. కాక నవ్వలేదు. కెమెరా తెరిచి, రీల్ ఆనే చోట అంచుకు అతుక్కున్న చిన్న నూగును వేలి కొనతో తీశాడు.

"నూలు గదా, నూగు రాలింది. రోజూ నా ముక్కుల పోయేటిదే ఇది. నేనే గుర్తు పట్టకపోతిని సూడు."

నూలు తీసేసి నూగు రాలని పాలిస్టర్ దారం పెట్టాడు. పిల్లాడి ఫోటో మళ్లీ తీసి ఇచ్చాడు. సునీతక్క మాత్రం మీసం ఫోటోకే ఫ్రేమ్ కట్టించుకుంది. ఇప్పటికీ వాళ్లింట్లో టీవీ పైన అదే ఉంది.

నిన్నటి సంగతి కూడా చెప్పాలి. ఎవరేమనుకున్నా సరే.

కాకను వాకిట్లో పడుకోబెట్టారు. పోశెట్టి పెదనాయిన, అంటే కాక సొంత అన్న, లోపలి నుంచి కెమెరా తెచ్చి ఆయన ఛాతీ మీద పెట్టాడు. "వానికి పానం గదా ఇది. వాని తోటే పోనీ" అని ఏడ్చాడు. ఆయన ప్రేమను నేను కాదనను.

కానీ కెమెరా తీసేసుకున్నాను.

శవం మీది సామాను, అందులో ఆడపిల్ల, చదువుకుంటే ఇదేనా అని వెనక నుంచి మాటలు వినిపించాయి. వినిపించనీ.

"పెదనాయినా, ఇది ఇంక నడుస్తది" అన్నాను.

"నడుస్తది సరే. ఎవలు నడుపుతరు?"

"నేను."

 కాక కాళ్ల దగ్గర కూర్చున్న చిన్నమ్మ, కాక భార్య, తలెత్తింది.

"నా చీరల బీరువాల దానికి బల్బు పెట్టిండు. నాకు ఫ్యాన్ పెట్టియ్యలే. గన్ని సేవలు జేపిచ్చుకున్నది ఉత్తగ కాలిపోతదా? దాన్ని తీస్కపోనియ్యుండ్రి."

ఆ బల్బు నిజం. వానాకాలం లెన్స్‌కు బూజు పట్టకుండా బీరువాలో చిన్న బల్బు వెలుగుతూ ఉండేది. దాని వేడికి చిన్నమ్మ పట్టుచీర ఒకటి రంగు వెలిసింది కూడా.

పెదనాయిన నా తల మీద చేయి పెట్టి పక్కకు జరిగాడు.

నిన్నటి నుంచి మెసేజ్‌లు వస్తున్నాయి. వింటేజ్ పీస్ కదా, అద్దాల పెట్టెలో పెట్టు, దండ వెయ్యి అని. వెయ్యను. వాడకపోతే లోపలి ఆయిల్ గడ్డకట్టి షట్టర్ పట్టేస్తుందని కాక చెప్పేవాడు. రీల్ కొనలేని నెలల్లో ఖాళీ కెమెరానే చెవికి ఆనించుకుని నొక్కేవాడు.

ఈ పొద్దున నేనూ చెవికి ఆనించి నొక్కాను.

నడుస్తోంది.

పోయిరా కాకా. నీకు శాంతి కలగాలి.

నేనున్నంత కాలం ఆ షట్టర్‌కు మాత్రం శాంతి లేదు.