లివరు మీద ఎర్రదారం

మా పిన్ని బండి సీట్లు కుట్టేది. బాబాయి పాత బుల్లి జీపులు బాగుచేసి, వాటంటే పడిచచ్చేవాళ్లకు అమ్మేవాడు. ఆయన పోయాక షెడ్డుకు తాళం పడుతుందనుకున్నాం. పిన్ని సూది పక్కనపెట్టి పానా అందుకుంది.

"పదిహేనేళ్లు పక్కన కూర్చుని చూశాను. నా కళ్లేమైనా అద్దెకిచ్చానా?" అంది.

ఏడాది పట్టింది. తుప్పుపట్టిన ఒక జీపును చట్రం నుంచి ఒంటిచేత్తో నిలబెట్టింది. కొనడానికి వస్తానన్నది ఒక రిటైరైన సర్వేయరు. పాత జీపుల వాళ్లందరికీ ఆయన మాటే వేదం. ఆయన సరేనంటే షెడ్డు నడుస్తుంది, పెదవి విరిస్తే అంతే.

ఆయన వచ్చే ముందురోజు పెట్రోలు కొట్టించుకురమ్మని పిన్ని నన్ను పంపింది. నా భార్య ఎనిమిది నెలల పాపను ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. పాప ఉందంటే నాకు ప్రతి మలుపూ లోయే. రెండు చక్రాలకంటే నాలుగు లాగితే పట్టు ఎక్కువ కదా అని ముందుచక్రాలను కూడా ఇంజనుకు కలిపే లివరు వేసేశాను. మొదటి మలుపులోనే బండి మూలిగింది, కుంటింది. లోపల ఏదో టక్కుమంది. లివరు ఇక వెనక్కి రాలేదు.

షెడ్డుకొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"పిల్లలకు ఫిజిక్సు చెప్తావు కదరా! మలుపులో ముందుచక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలా వద్దా? బురదలో అయితే జారి సర్దుకుంటాయి. ఎండిన రోడ్డు మీద ఎటు పోతాయి? ఆ బిగుతంతా గేర్ల మీదే."

బండిని నాలుగడుగులు వెనక్కి పోనిచ్చింది. లివరు టప్పున వచ్చేసింది.

"హమ్మయ్య" అన్నాను.

"నీకు హమ్మయ్య. లోపలేమైందో చూడొద్దూ?"

"లివరు బానే పడుతోందిగా పిన్నీ. రేపు ఆయన వస్తున్నాడు. ఇప్పుడు విప్పితే ఎలా?"

వినలేదు. గేరు డబ్బాలో నూనె దించి, అందులో అయస్కాంతం తిప్పింది. సగం బియ్యపు గింజంత గేరు పన్ను ముక్క అంటుకొచ్చింది.

మర్నాడు సర్వేయరు వచ్చేసరికి గేరు డబ్బా విప్పేసి గోనెపట్టా మీద ఉంది.

"మెకానిక్ ఎక్కడమ్మా?"

"మీ ఎదురుగానే ఉన్నాను సార్. బండి ఇవాళ ఇవ్వలేను." పన్ను ముక్క ఆయన అరచేతిలో పెట్టి జరిగింది చెప్పింది. నేను జాకీ వెనక్కి తప్పుకున్నాను.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"బురదలో దిగబడ్డాక తెలిసేది. తిట్లు మాత్రం ఈ షెడ్డుకే వచ్చేవి."

ఆయన ఆ ముక్కను గోనెపట్టా మీద పెట్టి వెళ్లిపోయాడు. పిన్ని పాత ఇనుము కొట్లన్నీ గాలించింది. నా తప్పు కాబట్టి మోత పని నాదే. పదకొండో రోజున సరిపడే గేరు దొరికింది. ఆయనకు ఫోన్ చేసింది.

ఈసారి ఆయన ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. షెడ్డు వెనక మడుగులో తనే లివరు వేసి తోలాడు. బండి గొణక్కుండా గట్టెక్కింది. దిగబోతూ లివరుకున్న కొత్త తోలు తొడుగు చూశాడు. దానిమీద ఎర్రదారంతో, సీట్ల మీద కుట్టినంత శుభ్రంగా, "బురదలోనే" అని కుట్టి ఉంది.

"ఇదెందుకమ్మా? మాకు తెలుసుగా."

పిన్ని నావైపు చూసింది.

"మీకు కాదు సార్. బాగా చదువుకున్నవాళ్లకు."

ఆయన నవ్వుతూ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. వెంటవచ్చిన ఇద్దరూ అప్పటికే షెడ్డు మూలనున్న ఇంకో తుప్పు జీపు చుట్టూ తిరుగుతున్నారు.