గది ఖాళీ లేదని రాసింది నేనే

ఆ సాయంత్రం ఒకే గదికి రెండు బుకింగులు పడ్డాయనీ, అందుకే ఆ పాలస్తీనా అమ్మాయి సభ జరగలేదనీ లీసెస్టర్‌లో మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాస్త దయగలవాళ్లైతే, "పైవాళ్లు చెప్పారు, క్లర్కు ఉద్యోగం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం" అంటారు. రెండూ తప్పే. ఆ గదికి ఉన్నది ఒకటే బుకింగు, ఆ అమ్మాయిది. రెండోదాన్ని పుట్టించింది నేను. నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. నా అంతట నేనే నోరు తెరిచి ఆ అబద్ధం చెప్పాను.

నోరుగల మనిషినని నాకు పేరు. జీపీ సర్జరీలో, అంటే మా పేట డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్ అమ్మాయి నా గొంతు వినగానే ఫోన్ పక్కవాళ్లకి ఇచ్చేస్తుంది. కౌన్సిల్ ఆఫీసుకి నాతో రావాలంటే మా ఆయన కారులోనే కూర్చుంటాడు. అలాంటి నేను ఒక యూనివర్సిటీలో గదుల బుకింగు చూస్తాను. ఏ ఊరిదో చెప్పను. మా ఇంటి నుంచి రైలెక్కి వెళ్లాలి, అంతే.

పద్ధతి ప్రకారం విద్యార్థులు ఆన్‌లైన్లో ఫారం నింపాలి, నేను చూసి గది ఇవ్వాలి. మన పిల్లలు ఏనాడూ ఫారం నింపరు. మాస్టర్స్ చదవడానికొచ్చిన తెలుగు పిల్లలందరి దగ్గరా నా నంబరు ఉంది. "ఆంటీ, గురువారం ఒక రూమ్ కావాలి" అని వాట్సాప్‌లో పెడతారు. లంచ్ టైములో నేనే నింపేస్తాను. తప్పని తెలుసు. మనవాళ్ల పిల్లలు కదా అనుకునేదాన్ని.

ఆ అమ్మాయి మాత్రం ఫారం నింపి, దాని ప్రింటు కూడా పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది. వాళ్ల అక్క గాజాలో ఎమ్మెస్సీ చేస్తూ ఉండేదట. అక్కడి బావుల్లో నీళ్లు ఎంత ఉప్పగా మారుతున్నాయో కొలిచి థీసిస్ రాస్తూ ఉండేదట. బాంబు పడి ఇంట్లోనే చనిపోయింది. ఆ యూనివర్సిటీ కూడా ఇప్పుడు లేదు.

"అక్క వైవా మిగిలిపోయింది. తన థీసిస్ తన బదులు నేను చదువుతాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక టీచర్ ప్రశ్నలు అడుగుతానన్నారు. డిగ్రీ ఎవరూ ఇవ్వరని నాకు తెలుసండీ. గంటన్నర గది చాలు."

ఫారంలో బయటి వక్త అని ఒక గడి ఉంటుంది. అక్కడ అక్క పేరు రాసింది. కింద ఈమెయిల్, సోషల్ మీడియా ఖాతాలు, ఇంతకు ముందు ఎక్కడెక్కడ మాట్లాడారు అనే గడులు. అన్నిట్లోనూ 'మరణించారు' అని పెట్టింది. నేను ఎక్కించబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు, గడులన్నీ ఎర్రబడ్డాయి.

"ఈమెయిల్ లేకపోతే ఇది ముందుకు పోదమ్మా" అన్నాను.

"అక్క ఈమెయిల్ వేసెయ్యండి. జవాబు మాత్రం రాదు."

ఆ ఫారం తనిఖీకి వెళ్లి మూడు వారాలు కూర్చుంది. యోగా క్లాసుకి ఒక పూటలో వచ్చే అనుమతి అది. చనిపోయిన మనిషి ఫేస్‌బుక్‌లో ఏం రాసిందో ఎవరో వెతికారు. తర్వాత థీసిస్ పేరులోంచి ఊరి పేరు తీసెయ్యమన్నారు. "తీసేస్తే ఇవి ఏ ఊరి బావులు?" అని అడిగిందా పిల్ల. దానికి జవాబు రాలేదు కానీ ఇంకో మెయిల్ వెళ్లింది, మెడలో పాలస్తీనావాళ్ల ఆ నలుపు తెలుపు గళ్ల కండువా వేసుకుని రావద్దని. కండువా అక్కదట. అయినా ఒప్పుకుంది. నా కౌంటర్ ముందే నిలబడి, "సరే, అది కూడా తీసేస్తాను, గది ఇప్పించండి" అంది. ఇచ్చాను. గురువారం సాయంత్రం, రెండో అంతస్తు సెమినార్ గది.

అదే వారం మంగళవారం మా మేనేజరు టీ కప్పుతో వచ్చి నా బల్ల అంచున కూర్చుంది. మంచి మనిషే. నా పుట్టినరోజుకి కార్డు ఇస్తుంది.

"పైన ఇబ్బంది పడుతున్నారు" అంది. "కాదని చెప్పాలంటే కారణం రాతలో ఇవ్వాలి. వాక్ స్వాతంత్ర్యం రూల్సు అడ్డొస్తాయి. గది ఖాళీ లేకపోతే ఏ గొడవా ఉండదు. ఆ టైముకి ఇంకెవరైనా అడిగారా? ఎవరైనా సరే."

నా ఫోన్‌లో ముందు రోజు సాయంత్రం వచ్చిన మెసేజ్ ఉంది. ఉగాది డాన్స్ ప్రాక్టీసుకి గురువారం ఏదైనా గది కావాలని మన పిల్లలది.

"మా తెలుగు స్టూడెంట్స్ అడిగారు" అన్నాను.

"ముందే అడిగారా?"

"ముందే."

ఒక్క మాట. ఎందుకన్నానని నన్ను నేను ఎన్నిసార్లు నిలదీశానో. ఆ నెలలో నా కాంట్రాక్టు రెన్యువల్ ఉంది, అది నిజం. మన పిల్లలకి పెద్ద గది దొరుకుతుందని సంతోషం వేసింది, అదీ నిజమే. సిగ్గుపడాల్సింది ఆ సంతోషానికే.

ఆ అమ్మాయికి గది ఖాళీ లేదని ఆ రోజే మెయిల్ రాశాను. గురువారం పులిహోర డబ్బా పట్టుకుని ప్రాక్టీసు చూడ్డానికి వెళ్లాను. డాన్స్ నేర్పుతున్న వరంగల్ పిల్ల నన్ను తలుపు దగ్గరే ఆపింది.

"ఆంటీ, బయట ఎవరో అమ్మాయి ఫైల్ పట్టుకొని నిలవడ్డది. ఆమెతోని ఒక మేడం కూడా ఉన్నది. మేం జల్ది అయిపోగొడితే రూమ్ ఇస్తరా అని అడుగుతున్నది."

"నీకెందుకు, ప్రాక్టీస్ చూసుకో."

"ఇంత పెద్ద రూమ్ మేం ఏం జేసుకుంటం ఆంటీ? పాట బంద్ వెడ్తం, చదువుకోనియ్యుండ్రి. వాళ్ల అక్క సచ్చిపోయిందంట."

"తెలిసీ తెలీకుండా మాట్లాడకు. ఆమెకి పర్మిషన్ లేదు."

"మేం అడిగిందే మొన్న సోమారం గదా. ఆమె ఎప్పుడడిగింది?"

పులిహోర ప్లేట్లలో పెట్టడం మొదలుపెట్టాను. ఈలోగా సెక్యూరిటీ మనిషి వచ్చి, బుకింగు లేకుండా కారిడార్‌లో గుమిగూడకూడదన్నాడు. గుమిగూడింది ఇద్దరు. ఆ అమ్మాయి వాదించలేదు. ఫైల్ గుండెకి ఆనించుకుని, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలి కుర్చీల వైపు ఒకసారి చూసి మెట్లు దిగిపోయింది. మెడలో కండువా లేదు. మన పిల్లలు ఏడింటికల్లా వెళ్లిపోయారు. లైట్లు ఆర్పింది నేనే.

ఆ అమ్మాయి కంప్లయింట్ పెట్టింది. అందులో ఒకటే ప్రశ్న. ఆ రెండో బుకింగు ఏ రోజు పడింది? మేనేజరు దాన్ని నాకు పంపి, "ముందే అడిగారని రాస్తే చాలు" అంది. రాశాను. రెండోసారి అబద్ధం చెప్పడం మొదటిసారంత కష్టం కాదని ఆ రోజు తెలిసింది.

రెండు నెలలు ఆ పిల్ల అడిగిన తేదీ నన్ను అన్నం తిననివ్వలేదు. చివరికి ఉన్నది ఉన్నట్టు యూనివర్సిటీకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

"అయిపోయిందాన్ని ఇప్పుడెందుకే కెలుకుతావు?" అన్నాడు మా ఆయన.

"అయిపోయిందని ఆ పిల్ల చెప్పిందా మీకు?"

"ఊళ్లో అందరితో తగువు పెట్టుకుంటావు. పెట్టుకోవాల్సిన రోజున నీ నోరేమైంది?"

కాగితం దగ్గరికి లాక్కుని ముందు ఆ సోమవారం తేదీ రాశాను.

ఉత్తరానికి జవాబు వచ్చింది. విద్యార్థిని కోర్సు ముగిసిందట, కంప్లయింట్ మూసేశారట, నా నిజాయితీకి ధన్యవాదాలట. ఇకపై వాట్సాప్ బుకింగులు పనికిరావని నాకొక ట్రైనింగ్ కూడా పెట్టారు. ఆ మొత్తం వ్యవహారంలో మారింది అదొక్కటే, మన పిల్లలు ఇప్పుడు ఫారం నింపుతున్నారు. ఆ అమ్మాయి యూనివర్సిటీ ఈమెయిల్‌కి క్షమించమని రాస్తే తిరిగొచ్చేసింది. ఆ టీచర్‌ని అడిగాను. ఎక్కడికి వెళ్లిందో ఆవిడకీ తెలియదు. వెళ్లడానికి ఇల్లు ఉందో లేదో కూడా తెలియదు.

పాత బుకింగు ఇంకా కంప్యూటర్‌లోనే ఉంది. కింద థీసిస్ ఫైల్ జత చేసి ఉంది. ఎవరు ఎప్పుడు తెరిచారో పక్కనే చూపిస్తుంది. అక్కడ ఒక్క పేరూ లేదు. మూడు వారాల తనిఖీలో దాన్ని ఎవరూ తెరవలేదు. నేనూ తెరవలేదు.

ఇప్పుడు తెరిచి మొత్తం చదివాను. బావుల లోతులు, ఉప్పు కొలతలు, ఏ నెలలో ఎంత పెరిగిందో పట్టికలు. ఆఖరి పట్టిక సగంలో ఆగిపోయింది. మొదటి పేజీలో, నీళ్ల సీసాలు మోసిన చెల్లికి కృతజ్ఞతలు అని ఉంది.

ప్రింటు తీసి మేనేజరు బల్ల మీద పెట్టాను. "ఆ నిర్ణయం నాది కాదు" అంది. పై అంతస్తుకి తీసుకెళ్లాను. వాళ్లదీ కాదట. వాక్యం వాక్యం వేలు పెట్టి వెతికాను, నాకు దొరకలేదు. ఇంతకీ మనమంతా ఇందులో ఏ వాక్యానికి భయపడ్డాం? ఏ పేజీలో ఉంది?