ఒక్కసారికే పెరిగిన బరువు

నేను తూకాలు రాసే భూపాలపల్లి వేబ్రిడ్జి మీదికి బొగ్గు లారీ ఎక్కితే కింది ఇనుప పలక ధన్‌మంటుంది. ఆ చప్పుడు నాకు ఏళ్లుగా అలవాటే. కానీ మొన్న బరువు మించిన లారీ డ్రైవరు ఒకడు "ఒక్కసారికి పోనియ్యి మేడం" అనేసరికి నా పెన్ను ఆగిపోయింది. జనగామ పత్తి గోదాములో ఖాదర్ చాచా ముఖం కళ్ల ముందు నిలిచింది.

చాచా విమానాల మెకానిక్కు. ఒక ఫ్లయింగ్ క్లబ్బులో చాకిరీ చేసి, అది మూతపడ్డాక అక్కడ తుప్పు పడుతున్న పాత రెండు సీట్ల విమానాన్ని లారీలో జనగామలోని ఆ గోదాముకు తెచ్చుకున్నాడు. గూడూరు పక్క తండా నుంచి డిప్లొమా పట్టుకుని వెళ్లిన నాకు పని నేర్పింది ఆయనే. నా యాసకు నవ్వని మొదటి మేస్త్రీ కూడా ఆయనే. పదకొండేళ్లు ఆ విమానాన్ని బాగుచేశాడు. చచ్చేలోపు తానే నడపాలని కోరిక. గుండె ఆపరేషనైన మనిషికి మామూలు లైసెన్సు రాదు. తన విమానానికి, ఆరోగ్యం పట్టింపు తక్కువుండే తేలికపాటి స్పోర్ట్ విమానమని సర్టిఫికెట్టు దొరికితేనే దారి. దానికి బరువు ఒక హద్దు దాటకూడదు.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. బంద్‌తో మార్కెట్ యార్డు ఖాళీ. పత్తి తూచే కాంటాలు మూడు అడిగి తెచ్చాం. రెండు చక్రాల కింద రెండు పెట్టి, తోకను స్టూలు మీద నిలిపి దాని కింద మూడోది పెట్టాం. రాస్తారోకో నుంచి వచ్చినవాళ్లు వాకిట్లో గుమిగూడారు. వచ్చిన బరువుకు ఇద్దరు మనుషులనూ పెట్రోలునూ కలిపాను. హద్దు లోపలే ఉంది!

"చాచా, పాసైనం!" అని అరిచాను. అందరూ చప్పట్లు కొట్టారు.

"జర ఆగు బేటీ. కాంటా ఇయ్యాల్టి బరువే చెప్తది. పుట్టినకాన్నుంచి ఎట్లున్నదో లాగ్‌బుక్కు చెప్తది. సదువు."

రూలు అదే. కాగితాల మీద విమానానికి అనుమతించిన బరువు ఏనాడూ ఆ హద్దు దాటి ఉండకూడదు. చదువుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. బరువు హద్దు దాటించి పెంచినట్టు ఒక పంక్తి, వారం తర్వాత మళ్లీ తగ్గించినట్టు ఇంకో పంక్తి. రెండింటి కిందా చాచా సంతకమే. ఆ ఆకునూ తర్వాతి ఆకునూ కలిపి తిప్పేశాను.

"రెండాకులు ఒక్కపారి తిరిగిన సప్పుడైంది," అన్నాడు చాచా. పుస్తకం తీసుకుని చూశాడు. పత్తి బేలు మీద కూలబడ్డాడు. నవ్వాడు కానీ, ఆ నవ్వు చూడలేకపోయాను.

"ఒక పెద్ద లీడరుకు గాలిమోటరెక్కాలని బుద్ధయింది. ఆయన పొట్టకు పర్మిషనున్న బరువు సాలకపాయె. ఒక్కసారికే గద అని పర్మిషన్ తెప్పించిన. మర్చేపోయిన."

"గా ఆకు చింపితే ఎవరికెరుక చాచా?" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

"నాకెరుక. ఇగ నీకూ ఎరుకనే," అని పెన్ను నా చేతికిచ్చాడు. "సర్టిఫికెట్టుకు అర్హత లేదని ఈ పుస్తకంలనే రాయి. నా గాలిమోటరుకు నేనే రాసుకుంటే ఏం బాగుంటది? సంతకం నీదే ఉండాలె."

రాసి, కింద సంతకం పెట్టాను. ఆయన ఒక్కసారి చదువుకుని, కాంటాలు తిరిగి ఇచ్చి రమ్మన్నాడు.

రాష్ట్రం వచ్చింది. ఆ ఏడే చాచా పోయాడు. విమానం నేల విడవనే లేదు.

మొన్న ఆ లారీని వెనక్కి పంపేశాను. డ్రైవరు తిట్టుకుంటూ వెళ్లాడు. ఇన్నేళ్లలో ఎన్నో సంతకాలు పెట్టాను. మొట్టమొదటిది మాత్రం నాకు పని నేర్పిన మనిషిని ఎగరనివ్వని సంతకం.