యాభై పైసల బిళ్ళకు ఎదురు అంచు

పక్క క్వార్టర్ బాబాయి మంగళవారం ఉదయం పోయారు. సోమవారం సాయంత్రం ఆయాసం ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు మొదటి షిఫ్టు సైకిళ్ళు మా వీధి దాటుతున్న వేళకు పిన్ని తమ్ముడు గేటు దగ్గర నిలబడి, లోపలికి రాకుండానే, “అయిపోయిందండీ” అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన నాకు చుట్టం కాదు. విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి ఉక్కు ప్లాంటు ఉద్యోగానికి వచ్చారు. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. అలా బాబాయి అయ్యారు. ప్లాంటులో తయారైన రైలు పట్టాల తనిఖీ ఆయన పని. ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో సుద్దముక్క. పట్టా మీద పగులు కనబడితే దాని చుట్టూ సుద్దతో గీసి ముందుకు నడవాలి. పగులు లేనిచోట నిలబడితే షిఫ్టు పని తెమలదు.

సెలవు రోజుల్లో అదే అద్దం నాణేల మీదికి వచ్చేది. నయా పైసలు వచ్చిన కొత్తలో మొదలైన అలవాటు. అంకె రెండుసార్లు పడిన బిళ్ళ, ముద్ర పక్కకు జరిగిన బిళ్ళ, ఏది దొరికినా జనం ఆయన వరండాలోకే తెచ్చేవారు. బిళ్ళను కిటికీ వైపు వంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకునేవారు. “ఈ గీత సూడు. పైకి లేచింది. అంటే టంకశాల అచ్చే పగిలింది. లోపలికి దిగిన గీతయితే బయట ఎవుడో గీసింది,” అనేవారు. నేను కారణాలు ఊహించబోతే ఆపేసేవారు. “ముందు ఏటి కనబడతందో సెప్పు. ఎందుకన్నది తరవాత.” విలేకరిగా నాకు ఇంతకంటే పనికొచ్చిన మాట ఇంకెవరూ చెప్పలేదు.

పిన్ని టీ గ్లాసులు పెడుతూ, “పెళ్ళాం మొహం ఎప్పుడేనా ఇంత దగ్గరగా సూసినారేటి?” అనేది. “నీ మొహంలో తప్పుల్లేవే,” అని ఆయన తల ఎత్తకుండానే జవాబిచ్చేవారు.

ఒక సాయంత్రం పవర్ హౌస్ బజారు నుంచి ఒక లేతు షాపు యజమాని మనిషిని పంపాడు. బాబాయితో నేనూ వెళ్ళాను. షాపులో ఉతై అనే పక్క పల్లె నుంచి రోజూ సైకిలు మీద వచ్చే ఫిట్టరు ఒకడు ఉండేవాడు. నెమ్మదైనవాడు. అతని పనిముట్ల డబ్బాలో యాభై నయా పైసల బిళ్ళ ఒకటి దొరికింది. దాని అంచున నెలవంకంత ముక్క లేదు. సర్కారు బిళ్ళను తన షాపులో, తన ఆకురాయితో అరగదీస్తున్నాడని, పోలీసులు వస్తే తనను పట్టుకుంటారని యజమాని గొడవ. చిల్లరలో అలాగే వచ్చిందని, వింతగా ఉంటే దాచుకున్నానని ఫిట్టరు అంటాడు.

బాబాయి బిళ్ళను దీపం దగ్గర పట్టుకుని, తెగినచోట అద్దం పెట్టారు. అక్కడ సన్నటి గీతలున్నాయి. లోపలికి దిగిన గీతలు. “ఇది సేత్తో సేసిందే,” అన్నారు. తర్వాత అదే మాట యజమానికి హిందీలో చెప్పారు.

ఫిట్టరు అరవలేదు. “బాబూజీ, ఏక్ బార్ ఔర్ దేఖ్ లో,” అన్నాడు. ఇంకొక్కసారి చూడమని.

“దేఖ్ లియా,” చూసేశానని చెప్పి బాబాయి అద్దం జేబులో పెట్టుకున్నారు.

ఆ రాత్రికే అతని పని పోయింది. బజారులో మిగతా షాపులు కూడా రానివ్వలేదు. పెళ్ళాన్నీ ఇద్దరు ఆడపిల్లల్నీ తీసుకుని ఊరు వదిలి వెళ్ళాడని కొన్ని నెలలకు విన్నాం.

ఆ తర్వాత ఒక జీతం రోజున బాబాయికి కవరులో కొత్త యాభై పైసల బిళ్ళ వచ్చింది. మెరుపు పోలేదు, ఎవరి చేయీ పడలేదు. దాని అంచున అదే నెలవంక. టంకశాలలో రేకులోంచి బిళ్ళలు కోసేటప్పుడు, ముందు కోసిన కంత మీదికి కోత జరిగితే ముక్క తక్కువ పడుతుంది. అలాంటి బిళ్ళకు అంచు లేపేటప్పుడు తెగినచోట ఒత్తిడి అందదు కనుక, సరిగ్గా దానికి ఎదురువైపు కూడా అంచు లేవదు, పలచబడిపోతుంది. చేత్తో కోసినదైతే ఎదురు అంచు నిండుగా ఉంటుంది. ఆ రోజు ఆయన తిప్పి చూడవలసింది ఆ ఎదురు అంచును.

చెప్పులు కూడా వేసుకోకుండా నా దగ్గరికి వచ్చారు. ఇద్దరం లేతు షాపుకు వెళ్ళాం. పాత బిళ్ళ యజమాని సొరుగులోనే ఉంది. ఎదురు అంచు ఉండీ లేనట్టుగా ఉంది. గీతలు ఆకురాయివి కావు, డబ్బాలో పనిముట్లకు రాసుకుని పడినవి. “జానే దీజియే బాబూజీ, దూసరా ఆద్మీ రఖ్ లియా,” అన్నాడు యజమాని. వేరే మనిషిని పెట్టుకున్నాడట, ఇక వదిలేయమని.

బాబాయి బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుండిపోయారు. “తప్పున్న చోటే సూసేన్రా. పట్టాల మీద సూసినట్టు సూసీసేను. సుద్దెట్టి గీసినట్టు గీసీసేను ఆడి బతుకు మీద.”

మరునాడే ఉతై వెళ్ళారు. ఇంటికి తాళం. నాగపూర్ అని ఒకరన్నారు, అస్సాం తేయాకు తోటలని ఇంకొకరన్నారు. ఆ ఆదివారం నుంచి ప్రతి ఆదివారం ఉతై వెళ్ళడం మొదలైంది. సెలవు పెట్టి నాగపూర్ వెళ్ళి ఇంజనీరింగు షాపులన్నీ తిరిగొచ్చారు. అద్దం ముట్టుకోవడం మానేశారు. ఎవరైనా బిళ్ళ తెస్తే, “నాకేటీ కనబడదు, ఎల్లండి,” అనేవారు. అప్పటికి అది అబద్ధం. చివరి రెండేళ్ళలో కళ్ళకు శుక్లాలు ముదిరి నిజమైంది. సైకిలు మానేసి, బస్సులో కండక్టరు దింపితే దిగేవారు. పిన్ని అడ్డం పడింది. “ఆడొచ్చినా మీకు కనబడడు,” అంది. “ఆడికి నాను కనబడతాను కదే,” అన్నారు.

నన్ను ఒకే ఒక్కసారి సాయం అడిగారు. “పేపర్లో రాయరా. ఆడి తప్పు లేదని, నాదేనని.” ఇందులో వార్త ఏముంది బాబాయ్ అన్నాను. ఆయన బతిమాలలేదు. అడిగింది నేను చేసేపాటి పనే. చేయలేదు. ఇప్పుడు రాస్తున్నాను: ఆ ఫిట్టరు తప్పేమీ లేదు. ఆ బిళ్ళ టంకశాల నుంచి అలాగే వచ్చింది.

శుక్రవారం కబురు చెప్పడానికి ఉతై వెళ్ళాను. ఎవరికి చెప్పాలో తెలియదు. తాళం అలాగే ఉంది. పక్కింటి ముసలామె, “హర్ ఇత్వార్ ఆవత్ రిహిస్,” అంది. ప్రతి ఆదివారం వచ్చేవాడని. తలుపు కింద సందు చూపించింది. ఆయన అక్కడ వంగి కూర్చునేవారట.

నేనూ వంగి చూశాను. గడప లోపల మడతపెట్టిన కాగితాలు కుప్పగా పడి ఉన్నాయి. అడుగువాటిని చెదలు తినేశాయి. చేయి దూర్చి అందినవి కొన్ని లాగాను. అన్నిట్లోనూ చిన్నపిల్లల దస్తూరీలాంటి పెద్ద హిందీ అక్షరాలతో ఒకటే సంగతి: తప్పు నాది, నీది కాదు, ఇంటికి రా. పాత కాగితాల్లో వరసలు తిన్నగా ఉన్నాయి. పైనున్నవాటిలో ఒక వరస మీదికి ఇంకో వరస ఎక్కింది. అన్నిటికంటే పైదానిలో అక్షరాలు కాగితం చివరిదాకా వెళ్ళి, అంచు దాటి, సగంలో తెగిపోయాయి.